ప్రశ్న–జవాబు: పసుపు పోయింది, పని ఆగింది

ప్రశ్న: ఈ.కోలై లైసిన్ డీకార్బాక్సిలేజ్‌ను (కాడ్‌ఏ; లైసిన్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి కాడవరిన్‌గా మార్చే ఎంజైమ్) నికెల్ కాలమ్‌పై శుద్ధి చేశాను. కాలమ్ నుంచి దిగినప్పుడు లేత పసుపుగా ఉంది. పీహెచ్ 8.0 ట్రిస్ బఫర్‌లో రాత్రంతా డయాలిసిస్ (పల్చటి పొర గుండా బఫర్ మార్చడం) చేస్తే రంగు వెలిసిపోయింది. అదే బఫర్‌లో పరీక్షిస్తే చర్య దాదాపు లేదు. జెల్‌పై మాత్రం 80 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ శుభ్రంగా ఉంది. ఎంజైమ్ పాడైనట్టేనా?

జవాబు: అలా తేల్చేయకండి. మొదటి అనుమానం పరీక్ష బఫర్ మీదే. ఈ ఎంజైమ్ పీహెచ్ 5.7 దగ్గర చురుగ్గా పనిచేస్తుంది, 8.0లో పరీక్షిస్తే మంచి ఎంజైమ్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. పైగా ఉప్పు తక్కువగా ఉండి పీహెచ్ 8కి చేరితే పది ప్రోటీన్ అణువులు కలిసిన ఈ ఎంజైమ్ గుత్తి జంటలుగా విడిపోతుంది.

ఇక రంగు సంగతి. ఆ పసుపు పైరిడాక్సల్ ఫాస్ఫేట్‌ది (విటమిన్ బి6 రూపం; ఈ ఎంజైమ్ పనికి కావాల్సిన సహాయక అణువు). అది ఎంజైమ్‌లోని 367వ లైసిన్‌తో షిఫ్ బేస్‌గా (అమీన్, ఆల్డిహైడ్ కలిసి ఏర్పడే బంధం) కలిసి 420 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. డయాలిసిస్‌లో కొంత కడుక్కుపోయి ఉంటుంది. దీనికి తోడు ట్రిస్ కూడా ప్రైమరీ అమీనే కాబట్టి, విడిపోయిన పైరిడాక్సల్ ఫాస్ఫేట్‌ను తనే పట్టుకుంటుంది. ఎస్‌డీఎస్ జెల్ ఇవేవీ చూపించదు, కాబట్టి బ్యాండ్‌ను నమ్ముకోవద్దు.

ఇలా చేయండి. 10 మిల్లీమోలార్ పైరిడాక్సల్ ఫాస్ఫేట్‌ను అప్పటికప్పుడు కలుపుకోండి. ద్రావణం ఆమ్లంగా ఉంటుంది కనుక సోడియం హైడ్రాక్సైడ్‌తో 7కి తెచ్చి, ట్యూబుకు అల్యూమినియం రేకు చుట్టండి, వెలుతురుకు పాడవుతుంది. గాఢత సరిచూడాలంటే కొంచెం తీసి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో పలచన చేసి 388 నానోమీటర్ల దగ్గర చదవండి. మోలార్ శోషణ గుణకం సుమారు 6,600. ఎంజైమ్‌ను ట్రిస్ లేని బఫర్‌లోకి మార్చి, చివరి గాఢత 0.1 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి, చీకట్లో అరగంట ఉంచి, 5.7లో పరీక్షించండి. పరీక్ష బఫర్‌లోనూ అంతే ఉంచండి.

ప్రశ్న: పీహెచ్ 5.7, 20 మిల్లీమోలార్ అసిటేట్, 10 మిల్లీమోలార్ లైసిన్. వేగం మొదట నిటారుగా ఉండి, తర్వాత వంగిపోతోంది. కాడవరిన్ అడ్డుపడుతోందా?

జవాబు: కాడవరిన్ కన్నా ముందు బఫర్‌ను నిలదీయండి. కార్బన్ డయాక్సైడ్ విడిపోయిన చోటికి ఒక ప్రోటాన్ వచ్చి చేరాలి. అంటే చర్య సాగేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది. అసిటేట్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌తో ఉండే పీహెచ్) 4.76. మీ 20 మిల్లీమోలార్‌లో 5.7 దగ్గర ప్రోటాన్ ఇవ్వగలిగేది సుమారు 2 మిల్లీమోలార్ మాత్రమే. లైసిన్‌లో ఐదో వంతు మారేసరికే ఆ నిల్వ హారతి కర్పూరం! 100 మిల్లీమోలార్ ఎంఈఎస్ బఫర్ (పీకేఏ 6.1) వాడితే 70 మిల్లీమోలార్ దాకా దొరుకుతుంది. లైసిన్ మోనోహైడ్రోక్లోరైడ్ తీసుకుని, స్టాక్ పీహెచ్ కూడా సరిచేయండి. లైసిన్‌లో 5–10 శాతం మారేలోపు తీసిన బిందువులతోనే వేగం లెక్కకట్టండి.

కాడవరిన్‌ను కొలవడానికి టీఎన్‌బీఎస్ (అమీన్లతో కలిసి రంగునిచ్చే రసాయనం) పద్ధతి మేలు. 1 మోలార్ సోడియం కార్బొనేట్‌తో చర్య ఆపి, 10 మిల్లీమోలార్ టీఎన్‌బీఎస్ చేర్చి, 42 డిగ్రీల్లో సుమారు 5 నిమిషాలు ఉంచి, 2 మిల్లీలీటర్ల టోల్యూయిన్‌తో బాగా కుదపండి. కాడవరిన్ ఉత్పన్నం టోల్యూయిన్‌లోకి ఎక్కుతుంది. లైసిన్‌ది కార్బాక్సిల్ ఆవేశం వల్ల నీళ్లలోనే ఆగిపోతుంది. పై పొరను 340 నానోమీటర్ల దగ్గర చదవండి. ప్లాస్టిక్ క్యూవెట్ వద్దు, టోల్యూయిన్ దాన్ని కరిగిస్తుంది. అమ్మోనియం సల్ఫేట్ మిగిలి ఉంటే అదీ టీఎన్‌బీఎస్‌తో చర్య జరిపి ఖాళీ నమూనా (ఎంజైమ్ చర్య జరగనివ్వని పోలిక ట్యూబు) విలువను పెంచుతుంది. ఖాళీ నమూనాలో కార్బొనేట్ ముందు, ఎంజైమ్ తర్వాత. టీఎన్‌బీఎస్ పొడిగా ఉంటే పేలే ప్రమాదం ఉంది; ద్రావణంగానే కొనండి.

ప్రశ్న: మోలర్ బ్రాత్‌లో (బ్యాక్టీరియాకు ఈ ఎంజైమ్ ఉందో లేదో రంగుతో చూపే ద్రవ మాధ్యమం; ఆమ్లంలో పసుపు, క్షారంలో ఊదా) లైసిన్ ట్యూబూ, లైసిన్ లేని కంట్రోల్ ట్యూబూ రెండూ ఊదా రంగులోనే ఉన్నాయి. పాజిటివ్ అని రాయొచ్చా?

జవాబు: రాయకూడదు. కంట్రోల్ పసుపు కావాలి: బ్యాక్టీరియా గ్లూకోజ్‌ను పులియబెట్టి ఆమ్లం చేసిందనడానికి అదే ఆధారం. ఆమ్లం లేకపోతే ఈ ఎంజైమ్ తయారీకి ప్రేరణే ఉండదు. పైన మినరల్ ఆయిల్ పొర 4 మిల్లీమీటర్లకు తగ్గితే గాలి చేరి, పెప్టోన్ విరిగి క్షారం పుట్టి రెండూ ఊదాగానే ఉంటాయి. లైసిన్ ట్యూబులో 24 గంటలకు పసుపు కనిపించిందని నెగటివ్ కూడా రాయకండి. నాలుగు రోజుల దాకా చూడాలి.