రూమ్ ఫ్రీ అన్న ఒక్క మాట మీద ఆర్ఏ అవ్వకండి

అమెరికాలో బీఎస్ (డిగ్రీ) రెండో ఏడాదిలో ఉన్నానని, వచ్చే ఏడాదికి డార్మ్‌లో (క్యాంపస్ హాస్టల్‌లో) రెసిడెంట్ అసిస్టెంట్‌గా, అంటే ఫ్లోర్‌లో పిల్లల బాగోగులు, రూల్స్ చూసుకునే విద్యార్థిగా (ఆర్ఏ) అప్లై చేయమని మీ ఫ్లోర్ ఆర్ఏ అంటున్నాడని, గది, మీల్ ప్లాన్ రెండూ ఫ్రీ కాబట్టి మీకు చేయాలనే ఉన్నా ఇంట్లోవాళ్లు చదువు పాడవుతుందంటున్నారని రాశారు. నేను మూడో ఏడాది, నాలుగో ఏడాది ఆ పనే చేశాను, మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో. నా చదువేమీ పాడవలేదు. నన్నడిగితే మీరు ఆలోచించుకోవాల్సింది చదువు గురించి కాదు, ఇంకో విషయం ఉంది. దానికి వస్తాను. ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో గది, భోజనం కలిపి ఏడాదికి సగటున పదమూడు వేల డాలర్ల దాకా అవుతుంది. అంత మిగలడం చిన్న విషయం కాదు. నాన్న ఎడ్యుకేషన్ లోన్ కట్టడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు తెలుసు. కానీ అది ఫ్రీ అనుకోకండి. అది మీ జీతం, చేతికి ఇవ్వకుండా గది రూపంలో ఇస్తున్నారంతే. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీల్లేదు కదా, ఆర్ఏ పని కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీ యూనివర్సిటీ దీన్ని వారానికి ఎన్ని గంటల పనిగా రాస్తుందో కనుక్కోండి. 20 అని రాస్తే లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో చేస్తున్న పని మానుకోవాల్సిందే. చేతిఖర్చులకు ఆ డబ్బే ఆధారమైతే ఉండడానికి గది ఉంటుంది గానీ ఫోన్ బిల్లు కట్టడానికి ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తుంది. మన ఎమ్మెస్ వాళ్లు చెప్పుకునే ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) వేరు, అందులో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు కూడా మాఫీ అవుతుంది. ఇందులో ఆ ఆశ పెట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ఉద్యోగం పోతే గదీ పోతుంది. మీ మార్కుల సగటు (జీపీఏ) యూనివర్సిటీ పెట్టిన గీత కిందికి జారినా, మీరే మానేసినా, సెమిస్టర్ మధ్యలో సామాను సర్దుకుని ఇల్లు వెతుక్కోవాలి. ఈ మాట ఇన్ఫర్మేషన్ సెషన్‌లో ఎవరూ గట్టిగా చెప్పరు.

ఇది జీతమేనని అక్కడి విద్యార్థులు ఎప్పుడో గుర్తించారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్ క్యాంపస్‌లో ఆర్ఏలు 2002లోనే యూనియన్ కోసం ఓటేశారు. 2022లో వెస్లియన్ యూనివర్సిటీ ఆర్ఏలు యూనియన్ పెట్టుకుంటే యాజమాన్యం తనంతట తానే గుర్తించింది. మన పిల్లలు మాత్రం "ఫ్రీ రూమ్ కొట్టేశా" అని ఇంటికి ఫోన్ చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి రెండింటికి లేచి పని చేసేది మీరు, మీకెవరూ దానం చేయడం లేదు.

ఇక అసలు విషయం. మీకు తెలిసినవాళ్ల పేరు, మీతో కలిసి తిన్నవాళ్ల పేరు రిపోర్టులో రాయగలరా? రాయగలనంటేనే అప్లై చేయండి. నాకు ఆ పరీక్ష ఆర్ఏగా మొదటి ఏడాది జనవరిలోనే వచ్చింది.

ఆ రాత్రి డ్యూటీ నాది. బయట మైనస్ పదిహేను ఉంటుంది. రెండు దాటాక ఫైర్ అలారం మోగింది. జాకెట్ తగిలించుకుని, సాక్సులు లేకుండానే బూట్లలో కాళ్లు దూర్చి, డ్యూటీ ఫోన్ పట్టుకుని, దారిలో ఉన్న తలుపులన్నీ బాదుతూ మెట్లు దిగాను. ఆర్ఏ గదుల్లోకి వెళ్లి వెతక్కూడదు, తలుపులు కొడుతూ తనూ బయటికి వచ్చేయాలి, అదీ రూలు. మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఘాటు నషాళానికి అంటింది. ఎండుమిర్చి మాడిన వాసన. ఆ బిల్డింగ్ మొత్తంలో ఆ వాసన గుర్తుపట్టగలిగినవాళ్లం ముగ్గురమో నలుగురమో ఉంటాం. మూడో అంతస్తులో ఎవరుంటారో కూడా నాకు తెలుసు.

బయట మంచులో మూడు నాలుగు వందల మంది. దుప్పట్లు కప్పుకున్నవాళ్లు, నిక్కర్ల మీద వచ్చేసినవాళ్లు. అప్పుడే స్నానం చేసి వచ్చిన ఒకమ్మాయి జుట్టు గడ్డకట్టి పుల్లల్లా అయిపోయింది. ఫైరింజన్లు వచ్చాయి, మనుషులు లోపలికి వెళ్లారు, దగ్గుకుంటూ బయటికి వచ్చారు. మంటేమీ లేదని తేల్చి అందరినీ లోపలికి పంపేసరికి అరగంట దాటింది. మా ఆర్ఏల పైన ఉండే హాల్ డైరెక్టర్ కింద అలారం ప్యానెల్ దగ్గర వాళ్లతో మాట్లాడుతోంది. నన్ను మూడో అంతస్తు చూసి రమ్మంది.

ఆ గది తలుపు తీసే ఉంది. అబ్బాయి కుర్చీ ఎక్కి, సీలింగ్‌లో ఉన్న స్మోక్ డిటెక్టర్‌కి చుట్టిన ప్లాస్టిక్ కవర్ విప్పుతున్నాడు. మన ఊళ్లో బట్టల కొట్టు కవర్, పైన రబ్బర్ బ్యాండ్. బల్ల మీద ఇండక్షన్ స్టవ్, చిన్న మూకుడు, అందులో నల్లగా మాడిన మిరపకాయలు, ఆవాలు. పక్కన రైస్ కుక్కర్‌లో పప్పు. ఆకలేసి పప్పు చేసుకుని తాలింపు పెట్టుకుంటున్నాడు. గదిలో డిటెక్టర్ మోగకుండా కవర్ కట్టాడు, పొగ ఎక్కువైపోయి తలుపు తీశాడు, కారిడార్‌లో ఉన్న డిటెక్టర్ పట్టేసింది. ఆ కారిడార్ డిటెక్టర్ మోగిందంటే బిల్డింగ్ మొత్తం దిగాల్సిందే.

అతను ఫస్టియర్. మా గుంటూరు వైపు వాళ్లే. పండక్కి వాళ్లమ్మ పంపిన గోంగూర పచ్చడి నాకూ ఒక డబ్బా తెచ్చిచ్చాడు. అక్కా అనే పిలిచేవాడు. ఆ రాత్రి కుర్చీ దిగి అన్న మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి. "అక్కా, వంట సంగతి రాస్కో. కవర్ సంగతి మాత్రం రాయొద్దక్కా. నువ్వు తప్ప ఎవరూ చూళ్లేదు. నా వీసా పోద్ది."

నేను రాశాను. ఆగస్టులో మా ట్రైనింగ్‌లో న్యూజెర్సీ సెటన్ హాల్ యూనివర్సిటీ సంగతి చెప్పారు. 2000 జనవరి 19 తెల్లవారుజామున అక్కడి బోలండ్ హాల్ డార్మ్‌లో మంటలంటుకుని ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అంతకుముందు అక్కడ దొంగ అలారాలు పదే పదే మోగడంతో, ఆ రోజూ అలాంటిదేలే అనుకుని వెంటనే లేవనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తర్వాతే న్యూజెర్సీలో డార్ములన్నిటిలో స్ప్రింక్లర్లు పెట్టాలని చట్టం తెచ్చారు. మా బిల్డింగ్‌లో కూడా ఆ రాత్రి దిగకుండా పడుకున్నవాళ్లున్నారు, మర్నాడు వాళ్లే చెప్పుకున్నారు. తాలింపు వల్ల మోగిన అలారం ఒకటి చాలు, తర్వాత నిజంగా మంటొచ్చిన రోజు ఇంకో పదిమంది దుప్పటి ముసుగు తీయరు. కవర్ కట్టిన డిటెక్టర్ అయితే అసలు మోగనే మోగదు.

ఇన్సిడెంట్ రిపోర్టులో మన అభిప్రాయాలు రాయకూడదు. చూసింది, విన్నది, వాసన వచ్చింది, ఎన్నింటికి, ఎక్కడ, ఇంతే. కుర్చీ, కవర్, రబ్బర్ బ్యాండ్, మూకుడు, ప్లగ్గులో ఉన్న స్టవ్, అన్నీ వరసగా రాశాను. సబ్మిట్ చేసేటప్పటికి నాలుగైంది. ఎనిమిదింటికి క్లాసు.

ఆ మధ్యాహ్నానికల్లా కబురు గుంటూరు చేరింది. వాళ్లమ్మ మా పిన్నికి, పిన్ని మా అమ్మకి. "దేశం కాని దేశంలో మన పిల్లాడి మీద నువ్వే రాశావంటనే?" అని అమ్మ అడిగింది. "ఆ ఫ్లోర్‌లో ఇంకో నలభై మంది పడుకుని ఉన్నారమ్మా, వాళ్లకీ అమ్మలున్నారు" అన్నాను. అమ్మ కాసేపు ఊరుకుని, అన్నం తిన్నావా అని అడిగింది. ఆ అబ్బాయికి హియరింగ్ జరిగింది, జరిమానా వేశారు, ఏడాది ప్రొబేషన్ పెట్టారు. వీసాకేం కాలేదు. డార్మ్ రూల్స్ కింద ప్రొబేషన్ పెట్టినంత మాత్రాన ఎఫ్-1 స్టేటస్ పోదు. సస్పెండ్ చేసి చదువు ఆగితే అప్పుడు చిక్కు. ఈ తేడా తెలియకే మన పిల్లలు చిన్న తప్పు దాచబోయి పెద్ద తప్పు చేస్తారు.

అతను మళ్లీ నాతో మాట్లాడలేదు. లిఫ్టులో ఎదురైతే ఫోన్ చూసుకునేవాడు. నాకు బాధేసింది, ఇప్పుడు తల్చుకున్నా బాధే. కానీ ఈ రోజు మళ్లీ ఆ గది ముందు నిలబెట్టినా అదే రిపోర్టు రాస్తాను.

ఒకటి మాత్రం అనిపించింది. అర్ధరాత్రి ఆకలేసిన పిల్లాడికి వద్దని చెప్పి ఊరుకుంటే ఏం లాభం? మా బేస్‌మెంట్‌లో అందరికీ కలిపి ఒక వంటగది ఉండేది, పొగ పోయే ఫ్యాన్‌తో సహా. దాన్ని ఎవరూ వాడేవాళ్లు కాదు, గిన్నెలు ఉండేవి కావు. ఆర్ఏలకు ప్రోగ్రాముల కోసం ఇచ్చే బడ్జెట్‌తో రెండు పెద్ద గిన్నెలు, మూకుడు, గరిటెలు కొనిపించాను. ఆదివారం సాయంత్రాలు వంట పెట్టాం. పులిహోర కోసం కొరియా పిల్లలు, నైజీరియా పిల్లలు లైన్‌లో నిలబడ్డారు. నేను ఆర్ఏగా చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే. తలుపులకి అంటించే పేర్ల బొమ్మలు, నెలనెలా మార్చే బులెటిన్ బోర్డులు చాలామందికి సరదా కావచ్చు, నాకు మాత్రం ఆ కత్తిరింపులు, అతికింపులు టైమ్ దండగ అనిపించేవి. ఆ టైమ్‌లో నాలుగు గదుల తలుపులు తట్టి ఎలా ఉన్నారని అడిగితే ఎక్కువ ఉపయోగం.

రాయడం అనేది వంటలతో ఆగదు. ఎవరైనా వచ్చి మంచం అంచున కూర్చుని "నీకొకటి చెప్పాలి, ఎవరికీ చెప్పవు కదా" అంటే, "చెప్పను" అని మీరు మాటివ్వడానికి లేదు. లైంగిక దాడి, ప్రాణం మీదికి వచ్చే సంగతి లాంటివైతే పైవాళ్లకు చెప్పి తీరాలి. 1986లో పెన్సిల్వేనియాలో లీహై యూనివర్సిటీ డార్మ్ గదిలోనే జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్య జరిగింది. దాని తర్వాత 1990లో వచ్చిన, ఇప్పుడు ఆమె పేరుతోనే పిలిచే చట్టం వల్లే కాలేజీలు క్యాంపస్‌లో జరిగే నేరాలను లెక్క రాసి బయటపెట్టాల్సి వచ్చింది, ఆర్ఏలు కూడా ఆ బాధ్యతలోకి వస్తారు. కాబట్టి ఎదుటివాళ్లు నోరు తెరవకముందే, "నేను విన్నది దాచలేకపోవచ్చు, దాచగలిగిన కౌన్సెలర్ దగ్గరికి కావాలంటే ఇప్పుడే తీసుకెళ్తాను" అని చెప్పాలి. ఆ మాట చెప్పడం చాలా కష్టం. కొందరు అక్కడే లేచి వెళ్లిపోతారు. కొందరు అయినా సరే చెప్తారు. ఆ బరువు మోయలేమనుకుంటే అప్లై చేయకపోవడమే మంచిది, అందులో తప్పేం లేదు.

ఆడపిల్లవి, రాత్రిపూట అబ్బాయిల ఫ్లోర్లలో రౌండ్లేంటని మా నాన్న చాలా రోజులు గొడవ చేశారు. వారాంతాల్లో ఇద్దరేసి తిరిగేవాళ్లం, ఇబ్బంది అనిపిస్తే క్యాంపస్ పోలీసులను పిలవడమే గానీ మేం కలబడాల్సిన పని లేదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆయన తగ్గారు. చదువుకి వస్తే, డ్యూటీ రాత్రి రౌండ్ల మధ్య కూర్చుని చదువుకోవడానికి బోలెడు టైమ్ దొరుకుతుంది. నన్ను ఎక్కువగా విసిగించింది సెలవులు. థాంక్స్‌గివింగ్‌కి అమెరికన్ ఆర్ఏలు ఇళ్లకు పోతారు, మన ఇల్లు సముద్రాల అవతల కాబట్టి డ్యూటీ మన నెత్తిన పడుతుంది. "నువ్వు ఎలాగూ ఇక్కడే ఉంటావు కదా" అంటారు. మొదటిసారే ఒప్పుకోకండి. సెలవుల డ్యూటీ అందరికీ సమానంగా పంచమని మీటింగులో గట్టిగా అడగండి. నేను అడిగాకే మా దగ్గర చీటీలు వేయడం మొదలుపెట్టారు.

మన హాస్టళ్లలో పెరిగిన పిల్లలు ఈ పనికి బాగా పనికొస్తారని నా గట్టి నమ్మకం. ఇంటర్ రెండేళ్లూ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. గదికి ఎనిమిది మందిమి, ఆదివారం ఫోన్, జ్వరమొస్తే స్టడీ అవర్ అయ్యాక చూద్దాం అనే వార్డెన్. ఒకమ్మాయి రోజూ రాత్రి ఏడ్చేది, ఎందుకేడుస్తున్నావని పెద్దవాళ్లెవరూ ఒక్కసారి కూడా అడగలేదు. ర్యాంకులు రాసి గోడకి అంటించేవాళ్లకు ఆ పిల్ల ఏడుపు వినబడలేదా? మన రాష్ట్రాల్లో ప్రతి హాస్టల్ ఫ్లోర్‌కీ చదువుకుంటున్న ఒక సీనియర్‌ని పెట్టి, సరైన ట్రైనింగ్ ఇచ్చి, జీతం ఇస్తే ఎన్ని ప్రాణాలు నిలబడతాయో. ఇది మీరడిగిన ప్రశ్న కాదు, తెలుసు. కానీ ఆ రెండేళ్లు చూశాను కాబట్టే ఒక పిల్ల వరసగా రెండు పూటలు డైనింగ్ హాల్‌కి రాకపోతే నాకు టక్కున తెలిసేది. మీరూ అలాంటిచోటే చదివి ఉంటే ఆ చూపు మీకూ ఉంటుంది.

మీరు అప్లై చేయాలనే నేను అంటాను. ఫారం నింపేముందు ఒక శుక్రవారం రాత్రి మీ ఆర్ఏతో ఓ గంట కూర్చుని, ఏ రాత్రి ఏమైందో, రిపోర్టు ఎలా రాశాడో పేర్లు లేకుండా చెప్పమని అడగండి. ఇంటర్వ్యూలో "మీ ఫ్రెండ్ గదిలో మందు కనిపిస్తే ఏం చేస్తారు" అని తప్పకుండా అడుగుతారు, అక్కడ 21 నిండనివాళ్లు మందు తాగకూడదు, డార్ముల్లో వాళ్లే ఎక్కువ కాబట్టి. తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. ఆఫర్ లెటర్ వచ్చాక గంటలు ఎన్ని రాశారో, సెలవుల డ్యూటీ గురించి ఏం రాశారో చూసి, సంతకం పెట్టేముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి చూపించండి. ట్రైనింగ్ మిగతావాళ్లు రాకముందే ఆగస్టులో మొదలవుతుంది, వేసవికి ఇండియా వస్తే రిటర్న్ టికెట్ ఆ తేదీ తెలిశాకే బుక్ చేసుకోండి.