స్లెడ్ కుక్కల పందెం పెట్టబోతున్న అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. మంచు మీద కుక్కలు లాగే బండ్లతో, వికలాంగులు పాల్గొనే స్లెడ్ కుక్కల పందెం అమెరికాలో మీ డులూత్ చుట్టుపక్కల పెట్టాలన్న ఆలోచన నాకెంతో నచ్చింది తల్లీ. కానీ అందులో "అనుభవమున్న మషర్లు వీరిని స్లెడ్‌లో కూర్చోబెట్టుకుని తిప్పుతారు" అని ఒక వాక్యం ఉంది (మషర్లంటే కుక్కల స్లెడ్ నడిపేవాళ్లు). ముందు దాన్ని కొట్టెయ్. అది షికారు, పందెం కాదు. షికారు పెట్టడంలో తప్పు లేదు, కాకపోతే దానికి వేరే రోజు చూసుకో. పందెమన్నాక స్లెడ్ వాళ్లదే కావాలి, కుక్కలను నడిపే గొంతు వాళ్లదే కావాలి, ఓడినా గెలిచినా వాళ్లే కావాలి.

ఈ ఆటకు ఆ వీలుంది. గుర్రానికున్నట్టు స్లెడ్ కుక్కకు కళ్లెం ఉండదు. హైక్ అంటే కదులుతుంది, జీ అంటే కుడికి, హా అంటే ఎడమకి తిరుగుతుంది, వో అంటే ఆగుతుంది. మాట ఇచ్చే మనిషి నిలబడి ఉన్నాడా కూర్చుని ఉన్నాడా అన్నది దానికి పట్టదు. రోజూ తిండి పెట్టి, పాదాలు చూసి, తనతో పరిగెత్తించిన మనిషి గొంతైతే చాలు.

రేచల్ స్కడోరిస్ గురించి నీ కమిటీ వాళ్లందరికీ చెప్పు. ఒరెగాన్ అమ్మాయి. పుట్టుకతోనే చూపు బాగా తక్కువ, రంగులు తెలియవు, మంచు మీద ఎండ పడితే ఆ కళ్లు తట్టుకోలేవు. 2005లో అలాస్కాలో ఇడిటరాడ్ పందెంలో దిగింది. ఇంచుమించు వెయ్యి మైళ్ల దారి అది. చూపు సాయానికి పాల్ ఎలరింగ్ తన సొంత కుక్కల జట్టుతో వెళుతూ, దారిలో ఏముందో రేడియోలో చెప్పేవాడు. ఆ ఏడు కుక్కలకు జబ్బు చేస్తే మధ్యలో తప్పుకుంది. మరుసటి ఏడు టిమ్ ఓస్మార్ తోడుతో, పందెం ముగిసే నోమ్ ఊరు చేరింది, 57వ స్థానంలో. దారి చెప్పింది ఆయన, నడిపింది ఆమె. నీ నియమావళి మొత్తానికి ఈ తేడాయే ఆధారం కావాలి.

"ఇలా సడలింపులిస్తూ పోతే అది పందెమెలా అవుతుంది?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు కేసీ మార్టిన్ కేసు చెప్పు. కాలి రక్తనాళాల జబ్బుతో నడవలేని గోల్ఫ్ ఆటగాడు బండిలో వెళ్తానంటే పోటీలు నడిపే పీజీఏ టూర్ సంస్థ వాళ్లు కుదరదన్నారు. బండెక్కినంత మాత్రాన ఆట స్వభావం మారిపోదని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నువ్వూ ప్రతి మార్పునూ ఆ గీటురాయి మీదే పెట్టి చూడు. స్లెడ్‌కు సీటు బిగిస్తే ఆట మారదు. స్టార్ట్ దగ్గర కుక్కలను పట్టుకోవడానికి అదనంగా మనుషులనిచ్చినా మారదు. పోటీదారు బదులు పక్కవాడు జీ, హా అని అరిస్తే మాత్రం మారిపోతుంది.

ఈ నియమాలు రాసేటప్పుడే చక్రాల కుర్చీ వాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు నీ పక్కన కూర్చుని ఉండాలి. అంతా అయ్యాక అభిప్రాయం అడగడం కాదు. చిన్న ఉదాహరణ చూడు. వెనక నుంచి వేగంగా వచ్చే మషర్ "ట్రెయిల్!" అని అరిస్తే ముందున్నవాడు దారి ఇవ్వాలి. వినపడని మనిషికి ఆ అరుపు ఎలా అందుతుంది? ఈ మనిషికి వినపడదని వెనకవాళ్లకు తెలిసేలా వీపు మీద రంగు బిబ్ (నంబరు వేసే పైగుడ్డ) వేయించొచ్చు, హెడ్‌ల్యాంప్‌తో సైగ చేయించొచ్చు. ఏది పనికొస్తుందో వాళ్లనే అడుగు.

ఇక చలి. నువ్వు ఫిజియోథెరపిస్టువి, అయినా చెప్పకుండా ఉండలేను. వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్లకు కాళ్లు గడ్డకడుతున్నా తెలియదు. కాళ్లు చల్లబడ్డాయని బూటులో వేడి ప్యాకెట్లు పెడితే చర్మం కాలినా తెలియదు. అందుకని ప్రతి చెక్‌పాయింట్‌లో వెచ్చటి టెంటులోకి తీసుకెళ్లి, బూట్లు విప్పి, పాదాలు కళ్లతో చూడాలి. "బాగానే ఉన్నాను" అన్న మాట మీద వదిలెయ్యకూడదు. మూత్రం గొట్టం ఉంటే అది గడ్డకట్టకుండా బట్టల లోపలి నుంచే పోనివ్వాలి. కృత్రిమ కాలి లోహం చలిని లాగుతుంది, బ్యాటరీలు చలికి త్వరగా చచ్చిపోతాయి. సీటు బెల్టు సంగతి ఇంకా ముఖ్యం. స్లెడ్ తిరగబడి కుక్కలు ఈడ్చుకుపోతుంటే, మందపాటి గ్లవ్ వేసుకున్న ఒక్క చేత్తో ఒక్క లాగుతో అది ఊడిరావాలి. ఆ గ్లవ్ తొడుక్కుని నువ్వే కూర్చుని లాగి చూడు. ఊడకపోతే ఆ స్లెడ్ పందెంలోకి రాకూడదు. స్లెడ్‌ను మంచులో కదలకుండా ఆపిపెట్టే స్నో హుక్కు, బ్రేకు కూడా కూర్చున్నవాళ్ల చేతికి అందాలి. మామూలు స్లెడ్‌లో ఆ రెండూ కాలితో తొక్కేవి.

కుక్కల విషయంలో మాత్రం ఎవరికీ సడలింపు వద్దు. ఇన్నేళ్లు పందేల్లో కుక్కలను పరీక్షించిన వెటర్నరీ డాక్టరుగా ఇది గట్టిగా చెబుతున్నాను. కూర్చున్న మషర్ ఎత్తు దారిలో కాలితో నేలను తన్ని కుక్కలకు సాయం చెయ్యలేడు. ఆ బరువంతా వాటి మీదే పడుతుంది. కాబట్టి వాళ్లకు చదునుగా, తక్కువ దూరం ఉండే దారి వెయ్యి, మొదట్లో నాలుగు లేదా ఆరు కుక్కల జట్లు చాలు. ముందు కట్టే లీడర్లు వయసు మళ్లినవై, నిదానం తెలిసినవై ఉండాలి. పాదాలు, ముంజేతులు, భుజాలు తడిమి, చిగుళ్లు చూసి, మెడ మీద చర్మం పట్టి వదిలి ఒంట్లో నీరు తగ్గిందేమో చూసి వెటర్నరీ డాక్టరు "ఈ కుక్క వద్దు" అంటే అదే ఆఖరి మాట. ఆ మషర్ ఫొటో ఆ రోజు పేపర్లో వచ్చినా సరే.

అనుమతులు, బీమా, లాభాపేక్ష లేని సంస్థ రిజిస్ట్రేషన్ పనులు వకీలుకి అప్పగించు. మొదటి ఏడు ఫారెస్ట్ సర్వీసు (ప్రభుత్వ అటవీ శాఖ) దారుల జోలికి పోకుండా, తెలిసినవాళ్ల పొలంలో చుట్టు దారి ఒకటి చూసుకో. మంచు పడుతుందని మాత్రం నమ్మకు. మీ వైపు అంత పేరున్న బేర్‌గ్రీస్ స్లెడ్ కుక్కల పందెమే 2024లో మంచు లేక ఆగిపోయింది. రెండో తేదీ ఒకటి ముందే అట్టేపెట్టుకో. పార్కింగు నుంచి స్టార్ట్ దాకా ప్లైవుడ్ పలకలు పరిపించు, మెత్తటి మంచులో కుర్చీ చక్రం తిరగదు. కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేకపోతే అసలు పందెమే పెట్టొద్దు.

మైకు పట్టుకునే మనిషికి కూడా ముందే చెప్పు. జబ్బు పేరు, ప్రమాదం కథ చదవొద్దు. మషర్ పేరు, ఊరు, లీడర్ కుక్క పేరు, పట్టిన సమయం చదివితే చాలు. వచ్చినవాళ్లందరికీ పతకాలిచ్చే ఏర్పాటు కూడా తీసెయ్. మొదటివాళ్లకు డబ్బు బహుమతి పెట్టు, ఎంత చిన్నదైనా ఫరవాలేదు. శిక్షణ తీసుకుని గెలిచినవాళ్లకు ఆ గెలుపు వేరుగా దక్కాలి కదా.

నియమావళి మళ్లీ రాశాక పంపు. కుక్కల భాగం నేను రాసిపెడతాను. చలి జాగ్రత్తల భాగం మాత్రం మీ ఆసుపత్రిలో వెన్నుపాము రోగులను చూసే డాక్టరుగారి చేత రాయించు, నా మాట సరిపోదు. బెల్టు పరీక్షకు ఎప్పుడు పిలిచినా వస్తాను.

దీవెనలతో,
పెదనాన్న