అమెరికా చిన్న బడుల ఫుట్‌బాల్ మ్యాచ్‌ని మధ్యలోనే ఎందుకు ఆపేస్తారు?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అందులో జట్టుకు ఆరుగురే ఆడే రకమైన సిక్స్‌మ్యాన్ ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైమ్‌కి గానీ ఆ తర్వాత గానీ తేడా 45 పాయింట్లకు చేరితే, ప్లేఆఫ్ అయినా సరే, ఆట అక్కడితో ముగిస్తారు. టెక్సాస్ పల్లె బడుల్లో జట్టు కట్టడానికే పిల్లలు తక్కువ. అలసినవాణ్ణి మార్చుదామంటే బెంచీ మీద ఒకరిద్దరుంటే గొప్ప. పైగా మైదానం 80 గజాలే, ఆరుగురిలో ఎవరైనా పాస్ అందుకోవచ్చు, స్కోరు ఇట్టే పెరిగిపోతుంది.

హాఫ్‌టైమ్‌కి 52-6 అయితే తేడా 46, ఇక ఇంటికే. 44-0 అయితే మాత్రం రెండో సగం మొదలవుతుంది. ముందున్న జట్టు ఇంకో టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) కొట్టగానే ఆట ఆగుతుంది.

ఇది ఓడేవాళ్లకు అవమానమని చాలామంది అనుకుంటారు. చేతులెత్తేసిన పిల్లల్ని ఇంకో గంట పరిగెత్తించడమే అసలు అవమానం. జట్టుకు పదకొండుమంది ఆడే మామూలు అమెరికన్ ఫుట్‌బాల్‌కూ ఇదే రూలనుకోవడం మరో పొరపాటు: అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆట ఆపరు, గడియారాన్ని ఆపకుండా నడిపి త్వరగా కానిచ్చేస్తారు.