‘ట్రాన్సిషన్’ అన్నారంటే తేదీ అడగండి

డాలస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “మీటింగుల్లో ఒక్కొక్క మాటా అర్థమవుతుంది, మొత్తం కలిపితే అయోమయం. ముఖ్యంగా ఏదో మారబోతోందని చెబుతున్నప్పుడు. ఇంగ్లీషు నుడికారాలకు మంచి పుస్తకం ఏదైనా చెబుతారా?”

పుస్తకంతో మొదలుపెట్టకమ్మా. అలాంటి పుస్తకాల్లో ‘టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్’ తప్పకుండా ఉంటుంది. పాత చెడు అలవాట్లు మానుకుని బుద్ధిగా నడుచుకోవడం మొదలుపెట్టాడని దాని భావం. ఉద్యోగం మారిన సంగతి చెప్పడానికి దాన్ని వాడితే, పాత కంపెనీలో ఏదో నిర్వాకం చేసి వచ్చావనుకుంటారు. ఎప్పుడు, ఎవరి నోట, ఏ సందర్భంలో వస్తుందో తెలియని నుడికారం వల్ల మేలుకంటే చేటే ఎక్కువ. నీ చుట్టూ నిజంగా జరిగే మార్పులు ఏవో చూసుకుని, వాటికి ఇక్కడివాళ్లు వాడే మాటలు ముందు పట్టుకో.

రోజూ మారేది మీటింగు వేళ. మనం నిస్సంకోచంగా వాడే ‘ప్రీపోన్’ చాలామంది అమెరికన్లు విననే వినలేదు. ముందుకు జరపడానికి వాళ్లు ‘మూవ్ అప్’ అంటారు, వెనక్కు జరపడానికి ‘పుష్ బ్యాక్’ అంటారు. అదే ‘పుష్ బ్యాక్’ ఒక మనిషి చేశారంటే మాత్రం అభ్యంతరం చెప్పారని అర్థం. ‘మూవ్ ఫార్వర్డ్’ మరీ చిక్కు: బుధవారం మీటింగును రెండు రోజులు ‘ఫార్వర్డ్’ చేశామంటే, ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవారిలోనూ కొందరికి సోమవారం, కొందరికి శుక్రవారం అనిపిస్తుంది. అందుకే అక్కడికక్కడే “అంటే శుక్రవారమేనా?” అని అడిగేయడం మంచిది. ఎవరూ తప్పుపట్టరు.

‘టేబుల్’ సంగతి కూడా గుర్తుంచుకో. మన పార్లమెంటులో ఒక నివేదికను టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని. అమెరికా ఆఫీసులో ఒక విషయాన్ని టేబుల్ చేద్దామంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. ఆ మాట విని, మర్నాటి చర్చ కోసం రాత్రంతా కూర్చుని స్లైడ్లు తయారుచేసిన కుర్రాళ్లను చూశాను. పాపం, వాళ్ల శ్రమంతా వృథా. ఇక కాలేజీ నుంచి ‘పాస్ అవుట్’ అయ్యానని ఇక్కడ అనవద్దు, స్పృహ తప్పి పడిపోయానని వినిపిస్తుంది. ‘గ్రాడ్యుయేట్’ అయ్యానంటే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉద్యోగాలు పోయేటప్పుడు ఇక్కడ వాడే మాటలు చాలా మెత్తగా ఉంటాయి. ‘రీఆర్గ్’, ‘రైట్‌సైజింగ్’, ‘ట్రాన్సిషన్’, ‘మీ రోల్ ఇంపాక్ట్ అయింది’, ‘లెట్ గో’. ఒక ప్రాడక్టును ‘సన్‌సెట్’ చేస్తున్నారంటే దాన్ని మెల్లగా మూసేస్తున్నారని. నువ్వు ఆ ప్రాడక్టు మీదే పనిచేస్తుంటే, తరువాత నీ పని ఏమిటో అదే వారంలో మేనేజర్‌ను అడుగు. ఈ మెత్తదనం మీద నాకు నిజంగా కోపం ఉంది. చెప్పేవారి ఇబ్బందిని తగ్గించడానికి పుట్టిన మాటలివి. వినేవారికి, అందులోనూ వీసా మీద ఉన్నవారికి, ఇవి చేసే మేలేమీ లేదు. మనవాళ్లు ఆ మాట చెప్పే పావుగంట మీటింగులో మర్యాదగా తలూపి, థాంక్స్ చెప్పి బయటికి వస్తారు. ఉద్యోగం పోయిందో, వేరే టీముకు మార్చారో తెలియక రాత్రికి స్నేహితులకు ఫోన్లు చేస్తారు.

అలాంటి మాట చెవిన పడగానే నాలుగు సంగతులు అడిగి, జవాబు మెయిల్లో రాసి పంపమను: ఉద్యోగంలో ఆఖరి రోజు ఏది, జీతం ఏ తేదీ వరకు లెక్కకడతారు, ‘సెవరెన్స్’ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) ఉందా, ఆరోగ్య బీమా ఎప్పటితో ఆగుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవారికి 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94, అంటే ఎప్పటివరకు దేశంలో ఉండవచ్చో చెప్పే పత్రం, అంతకంటే ముందే ముగిస్తే గడువు కూడా దానితోనే సరి. ఆ లెక్క సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజు నుంచి మొదలవుతుంది. సెవరెన్స్ సొమ్ము ఆ తరువాత చేతికొచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఓపీటీ (చదువు పూర్తయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద ఉన్నవారి లెక్క వేరు: ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు, సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవారికిచ్చే ‘స్టెమ్’ పొడిగింపు ఉంటే మొత్తం 150. ‘ట్రాన్సిషన్ పీరియడ్’ అన్నారంటే, ఆ కాలమంతా నువ్వు కంపెనీ జీతగాళ్ల పట్టికలో ఉంటావా లేదా అన్నది తేల్చుకోవాలి. సంతకం పెట్టమని కాగితాలిస్తే ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పు, వీలైతే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించు.

‘ఎట్ విల్’ అన్న మాట నీ ఆఫర్ లెటర్లోనే ఉండి ఉంటుంది, తీసి చూసుకో. చట్టం నిషేధించిన కారణాలు కాకపోతే కంపెనీ ఎప్పుడైనా తీసేయవచ్చు, నువ్వూ ఎప్పుడైనా మానేయవచ్చు. మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటిలో ఇదే పద్ధతి. హైదరాబాద్‌లో రెండు మూడు నెలల నోటీసుకు అలవాటుపడినవారికి ఇది మింగుడుపడదు. మానేసేటప్పుడు ఇక్కడ ‘టూ వీక్స్’ ఇవ్వడం ఎక్కువగా ఆనవాయితీ మాత్రమే. అయినా పాటించు. ‘బర్న్ బ్రిడ్జెస్’ అని వాళ్లు భయపడేది సరిగ్గా ఇక్కడే: కోపంగా వెళ్లిపోయినవారికి రేపు రిఫరెన్స్ ఇచ్చేవారుండరు.

గడియారం మార్పుకు ఒక చక్కని మాట ఉంది, ‘స్ప్రింగ్ ఫార్వర్డ్, ఫాల్ బ్యాక్’. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు. డాలస్‌కూ హైదరాబాద్‌కూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఫోను రాలేదని కంగారుపడతారు. అరిజోనాలో ఉన్న మన పిల్లలకు నవాహో తెగవారి ప్రాంతం తప్పితే ఈ బెడద లేదు.

ఇల్లు మారినప్పుడు ‘షిఫ్ట్’ అయ్యామనకుండా ‘మూవ్’ అయ్యామను. దానికంటే ముఖ్యం, మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలియజేయాలి. ఆన్‌లైన్లోనే చేయవచ్చు, రుసుము లేదు. పోస్టాఫీసులో మార్చుకున్నంత మాత్రాన అది పూర్తయినట్టు కాదు, రెండూ వేర్వేరు.