జెట్ ఇంధనం వేడికి తట్టుకునేలా చేసే రసాయనాలను అన్ని విమానాల ఇంధనంలో ఎందుకు కలపరు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికా వైమానిక దళం తన సైనిక విమానాల్లో వాడే జేపీ-8 జెట్ ఇంధనానికి కలిపే ‘ప్లస్ 100’ రసాయనం ఏం చేస్తుంది, అది అంత మేలైనదైతే విశాఖ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలకు నింపే జెట్ ఏ-1లో ఎందుకు ఉండదు? విశాఖపట్నంలోనే విమాన ఇంధనాన్ని పరీక్షించే ల్యాబ్‌లో చాలాకాలం కెమిస్టుగా పనిచేశాను కాబట్టి, పరీక్ష బల్ల దగ్గర నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఇంధనం మండటానికి ముందే ఇంకో పని చేస్తుంది: ఇంజిన్ ఆయిల్ వేడిని, యుద్ధ విమానాల్లోనైతే ఎలక్ట్రానిక్ పరికరాల వేడిని కూడా తనలోకి తీసుకుంటుంది. అలా వేడెక్కినప్పుడు, అందులో కరిగి ఉన్న ఆక్సిజన్ (బరువులో పది లక్షలకు 60, 70 వంతులే ఉంటుంది) హైడ్రోకార్బన్లతో కలిసి పెరాక్సైడ్లను పుట్టిస్తుంది. అవి ఇంధనంలో సహజంగా ఉండే ఫీనాళ్లతో, గంధక, నత్రజని సమ్మేళనాలతో చర్య జరిపి, మొదట కరిగే జిగురుగా, ఆ తర్వాత కరగని గోధుమరంగు పొరగా మారతాయి. ఆ పొర, ఇంధనం వేడిని అందుకునే హీట్ ఎక్స్ఛేంజర్‌లోనూ ఇంజిన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే నాజిళ్లలోనూ పేరుకుంటే ఇంధనం చిమ్మే తీరే చెడిపోతుంది. రాగి అతి స్వల్పంగా కలిసినా ఈ చర్యలన్నీ వేగం అందుకుంటాయి.

దీన్ని కొలిచే పరీక్షను మేము జెఫ్టాట్ అంటాము. నునుపైన అల్యూమినియం గొట్టాన్ని 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, దాని పక్క నుంచి ఇంధనాన్ని నిమిషానికి 3 మిల్లీలీటర్ల చొప్పున రెండున్నర గంటల పాటు పంపుతాము. తర్వాత ఆ గొట్టాన్ని, పని ఉపరితలానికి వేలు తగలకుండా తీసి, దీపపు పెట్టెలో రంగుల ప్రమాణం పక్కన పెట్టి చూస్తాము. రంగు 3వ స్థాయికంటే తక్కువగా ఉండాలి, నెమలికంఠపు రంగులు అసలు కనిపించకూడదు, ఫిల్టరు దగ్గర పీడన వ్యత్యాసం 25 మిల్లీమీటర్ల పాదరసాన్ని మించకూడదు. ఒకసారి ఒక ట్యాంకు శాంపిల్ గొట్టం మీద ముదురు గోధుమ పట్టీ వచ్చింది. ఆరా తీస్తే, ట్యాంకు నుంచి శాంపిల్ తీసినవారు రాగి ఉండే ఇత్తడి కుళాయి వాడారని తేలింది. లోపల ఎపాక్సీ పూత ఉన్న డబ్బాలో, రాగి తగలకుండా మళ్లీ తెప్పించిన శాంపిల్ శుభ్రంగా నెగ్గింది. ఇంధనం బాగోలేదని అనుకునే ముందు డబ్బాను, కుళాయిని చూడమని నేను కొత్తవారికి అందుకే చెప్పేవాడిని.

ఇక రసాయనాల విషయానికి వస్తే, ‘ప్లస్ 100’ అనేది ఒకే పదార్థం కాదు. లీటరుకు 256 మిల్లీగ్రాములు కలిపే మిశ్రమం. అందులో ప్రధానంగా మూడు రకాలు ఉంటాయి. బీహెచ్‌టీ వంటి యాంటీఆక్సిడెంట్ పెరాక్సైడ్ల గొలుసును తెంచుతుంది. మెటల్ డీయాక్టివేటర్ కరిగిన రాగిని చుట్టేసి పనిచేయనివ్వదు. డిటర్జెంట్-డిస్పర్సెంట్ అప్పటికే ఏర్పడిన జిగురు కణాలను ఒకదానితో ఒకటి, గోడలతో అతుక్కోకుండా చూస్తుంది. ఇంధనం సుమారు 163 డిగ్రీలకు బదులు 218 డిగ్రీల దాకా తట్టుకోవాలన్నది లక్ష్యం. ఫారెన్‌హీట్‌లో ఆ తేడా 100 డిగ్రీలు కాబట్టి ఆ పేరు వచ్చింది.

నా దృష్టిలో అసలు బరువంతా మూడోదాని మీదే ఉంది. హైడ్రోట్రీటింగ్ చేసిన (రిఫైనరీలో హైడ్రోజన్‌తో గంధకం వంటివి తీసేసిన) ఇంధనానికి యాంటీఆక్సిడెంట్ కలుపుతారన్నది నిజమే కానీ, అది ప్రధానంగా నిల్వలో పెరాక్సైడ్లు పెరగకుండా ఉండటానికి. వేడి దగ్గర లెక్క అంత సూటిగా ఉండదు: నెమ్మదిగా ఆక్సీకరణ చెందే ఇంధనం తరచూ ఎక్కువ పొర పెడుతుంది. మెటల్ డీయాక్టివేటర్‌తోనూ ఒక చిక్కు ఉంది. అది జెఫ్టాట్ గొట్టపు లోహాన్ని కూడా కప్పేస్తుంది కనుక, పరీక్షలో కనిపించినంత మెరుగుదల ఇంజిన్‌లో ఉంటుందని నమ్మలేము. కాబట్టి దాన్ని కలిపి పాస్ చేయించిన బ్యాచ్‌ను నేను ఎప్పుడూ కొంత అనుమానంగానే చూశాను. కలపకముందు వచ్చిన ఫలితాన్ని కూడా నమోదు చేయాలన్న పట్టుదల నాకు నచ్చేది.

అయితే ఆ డిస్పర్సెంటే పౌర విమానయానానికి దాన్ని దూరంగా ఉంచుతోంది. కుంకుడు రసం పడ్డ నీళ్లలో నూనె విడిపోనట్టు, ఇది కలిసిన ఇంధనంలో నీరు తేలిగ్గా విడిపోదు, కోయలెసర్ ఫిల్టర్లు నీటి బొట్లను పెద్దవి చేసే శక్తిని కోల్పోతాయి. నీటి వేర్పాటును కొలిచే ఎమ్‌సెప్ పరీక్షలో స్టాటిక్ డిసిపేటర్ (ఇంధనంలో స్థిర విద్యుత్తు పేరుకోకుండా చేసే రసాయనం) లేని జెట్ ఏ-1కు కనీసం 85, ఉన్నదానికి 70 రావాలి; ఈ డిస్పర్సెంట్ ఆ అంకెను పడగొడుతుంది. విశాఖ వంటి సముద్రతీరపు తేమలో, ట్యాంకులు పగలూ రాత్రీ గాలి పీల్చి వదిలే చోట, ట్యాంకు అడుగున చేరిన నీటిని బయటకు వదిలి, గాజు జాడీలో ఇంధనం నిర్మలంగా ఉందో లేదో చూడటం రోజువారీ పని. అలాంటి చోట ఫిల్టర్ల శక్తిని తగ్గించే పదార్థాన్ని ట్యాంకుల్లోకి రానివ్వడం నాకు సమ్మతం కాదు. పైగా పౌర విమానాల ఇంజిన్లను మామూలు ఇంధనం భరించగల వేడికి లోబడే రూపొందిస్తారు. వాటికి ఆ అదనపు 55 డిగ్రీల అవసరం అంతగా లేదు. ఉన్న కొద్దిపాటి సమస్యను రిఫైనరీలోనే, మంచి హైడ్రోట్రీటింగ్‌తో, రాగి తగలని పైపులతో పరిష్కరించడం మేలు.

అమెరికా వైమానిక దళం కూడా దీన్ని గుడ్డిగా వాడదు. ఫిల్టర్లన్నీ దాటిన తర్వాత, విమానానికి వీలైనంత దగ్గరలో దాన్ని ఇంజెక్ట్ చేస్తారు. విమానంలోంచి వెనక్కి తీసిన ‘ప్లస్ 100’ ఇంధనాన్ని మామూలు నిల్వలోకి నేరుగా పోయకుండా వేరుగా ఉంచుతారు.