‘50 శాతం’ పెరిగిందా, ‘50 శాతానికి’ పెరిగిందా?

సందేహం: ‘దేశంలో శిలాజేతర విద్యుత్ సామర్థ్యం వాటా 50 శాతం పెరిగింది’ అని ఒక పేపర్లో, ‘50 శాతానికి పెరిగింది’ అని ఇంకో పేపర్లో చదివాను. రెండూ ఒకటేనా? అంతకుముందు 40 శాతం అన్నారు కదా, మరి 10 శాతం పెరిగిందనాలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: ఒకటి కాదండీ. ‘కి’ ఉంటే ఎక్కడికి చేరిందో చెప్పినట్టు, లేకపోతే ఎంత పెరిగిందో చెప్పినట్టు. బజారులో ‘టమాటా 40 పెరిగింది’ అంటే గుండె గుభేలుమంటుంది. ‘40కి పెరిగింది’ అంటే నిన్న ఎంతుందని అడుగుతాం. మీరు రోజూ వినే ఒడియాలోనూ ఇంతే: ‘ప్రతిశత’ వేరు, ‘ప్రతిశతకు’ వేరు. హెడ్డింగులో చోటు చాలదని ‘కి’ ఎగరగొడితే వార్తే మారిపోతుంది.

2021 చివర్లో ఆ వాటా, అంటే దేశంలోని మొత్తం విద్యుత్ సామర్థ్యంలో బొగ్గు, గ్యాస్ లాంటి శిలాజ ఇంధనాలు వాడనివాటి వంతు, 40 శాతం. 2030కి అందుకోవాలనుకున్న 50 శాతాన్ని 2025 జూన్‌కే అందుకున్నాం. కాబట్టి ‘50 శాతానికి’ అన్నదే సరి.

మీ రెండో ప్రశ్నలో అసలు చిక్కుంది. 40 మీద 10 పెరగడమంటే నాలుగో వంతు పెరగడం, అంటే 25 శాతం. అందుకే ‘10 శాతం పెరిగింది’ అంటే ఏ లెక్కో తేలదు. బిజినెస్ పేజీలవాళ్లు ‘10 శాతం పాయింట్లు’ అంటారు. తప్పు కాదు గానీ, నాకు మింగుడుపడదు. ‘నూటికి 40 ఉన్నది 50 అయింది’ అంటే పామరుడికీ అర్థమవుతుంది.

తమాషా ఏమిటంటే, మొదటి పేపరు వాక్యంలో ‘వాటా’ ఒక్కటి తీసేస్తే అది నిజమే! ఆ సామర్థ్యం అదే కాలంలో సుమారు 157 గిగావాట్ల నుంచి 242 దాటింది. అంటే 50 శాతం పైగానే పెరిగింది.

‘శిలాజేతర’ బదులు ‘పునరుత్పాదక’ అని రాసేవారూ ఉన్నారు. ఈ 50లో అణువిద్యుత్తూ ఉంది. అది శిలాజేతరమే గానీ పునరుత్పాదకం కాదు. మీ రాష్ట్రంలోని మాచ్‌ఖండ్ లాంటి పెద్ద జలవిద్యుత్తు మాత్రం 2019 నుంచి పునరుత్పాదకం లెక్కలోనే ఉంది.

ఇంకొకటి, ‘సామర్థ్యం’ అన్న మాట వదిలేసి ‘దేశంలో సగం కరెంటు’ అని రాయకూడదు. సామర్థ్యం అంటే ప్లాంట్లు గరిష్ఠంగా ఎంత కరెంటు తయారుచేయగలవో చెప్పేది, నిజంగా ఎంత తయారైందో కాదు. మన ఇళ్లకు వచ్చే కరెంటులో ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే.