అల్లుడికి, సబ్‌మెరైన్ కిట్ అతికించే ముందు

కడప

అల్లుడూ,

పుట్టినరోజుకు నీకు ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మ చేసుకునే సబ్‌మెరైన్ కిట్ వచ్చిందని, ఆ రాత్రే అతికించేద్దామని నువ్వు కూర్చుంటే తానే ఆపానని అక్క ఫోన్‌లో చెప్పింది. మంచి పని చేసింది. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. ఫాక్స్‌ట్రాట్ అనే సోవియట్ సబ్‌మెరైన్ల తరగతి, 1/350 స్కేలు, అంటే అసలుదానిలో 350వ వంతు. మనం విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర ఎక్కి చూసిన కుర్సురా ఈ తరగతిదే. 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27 దాకా పనిచేసింది. 2002లో మ్యూజియం అయింది. అసలుది 91.3 మీటర్ల పొడవు, నీ టేబుల్ మీద 26 సెంటీమీటర్లు. ఆ లెక్కన డెక్ మీద నిలబడే ఆరడుగుల మనిషి సోనా బియ్యపు గింజంత ఉంటాడు.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, కిట్‌లో ఎడమా కుడీ రెండు చెక్కలున్నాయి కదా, చెనక్కాయ తొక్క రెండుగా విడినట్టు. వాటి అతుకు దగ్గర అర మిల్లీమీటర్ మెట్టు వస్తే కంటికి ఎంత? ఏమీ లేనట్టే. కానీ అసలు పడవ మీద అది పదిహేడున్నర సెంటీమీటర్ల మెట్టు. యుద్ధనౌక మోడల్‌కైతే ఫిరంగులు, మాస్టులు, పడవలు ఇన్ని ఉంటాయి, చూపు వాటి మీదికి పోతుంది. సబ్‌మెరైన్ ఒళ్ళంతా నున్నగా ఉంటుంది, దాచుకోవడానికి చోటే లేదు. కాబట్టి నీ శ్రమలో ముప్పాతిక భాగం ఆ అతుకుకే పెట్టు.

ముందు ముక్కలన్నీ ఫ్రేములోంచి విప్పకుండానే గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టు. అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు. రెండు చెక్కలనూ కట్టర్‌తో విడదీసేటప్పుడు కాస్త కాడ ఉంచి కత్తిరించి, మిగిలింది బ్లేడుతో చెక్కు. ఒక్క దెబ్బకు కోస్తే గుంత పడుతుంది.

ఇప్పుడు అసలు పని. అంచుల్లో ఒకదానిలో ఒకటి దూరడానికి చిన్న చిన్న పిన్నులుంటాయి. అవి సరిగ్గా కుదరకే మెట్లు వస్తాయి. వాటిని కోసెయ్. నున్నటి కడప బండ మీద నీళ్ళు చల్లి 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరుచు, అది బండకు అతుక్కుపోతుంది. చెక్కను అంచులు కిందికి వచ్చేట్టు బోర్లించి, బరువు పెట్టకుండా, ఎనిమిది అంకె గీసినట్టు పది సార్లు తిప్పు. తీసి చూడు. అంచు మీద ఎక్కడ మెరుపు పోయి తెల్లగా మారిందో అక్కడ కాగితం తగిలినట్టు, ఇంకా మెరుస్తున్న చోటు పల్లం. అంచంతా ఒకే తెలుపు రాగానే ఆపు. అంతకు మించి రుద్దితే పడవ సన్నబడిపోతుంది. రెండు చెక్కలూ దగ్గర పెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకో, సందులోంచి వెలుగు రాకూడదు.

అతికించే ముందు ఇంకొకటి. స్టాండుకు బిగించే నట్లు లోపల ఇప్పుడే పెట్టాలి. నా మొదటి సబ్‌మెరైన్‌కు ఈ సంగతి మరిచి మూసేశాను. పూర్తయిన పడవకు కింద రంధ్రం వేయబోతే అతుకు పొడవునా చీలింది. రెండు నెలల పని పోయింది. ఇప్పటికీ బాధే నాకు.

జిగురు పల్చటి ప్లాస్టిక్ సిమెంటే వాడు, అది అంచులను కరిగించి అతికిస్తుంది. సూపర్ గ్లూ వద్దు, చుట్టూ తెల్లటి మసక వదులుతుంది, అతుకు పెళుసుగా ఉంటుంది. చెక్కలను టేపుతో బిగించి, బ్రష్ కొన సందుకు ఆనిస్తే చాలు, జిగురు తనంతట తానే పాకుతుంది. మెల్లగా నొక్కు. కరిగిన ప్లాస్టిక్ సన్న దారంలా అతుకు పొడవునా పైకి ఉబకాలి. అది ఉబికిన చోట లప్పం అక్కర్లేదు. రెండు రోజులు ముట్టుకోకు. తర్వాత బ్లేడు నిలువుగా పట్టి గీకి, 600, ఆపైన 1000 నంబరు కాగితంతో నీళ్ళలో రుద్దు. పక్కనున్న నీళ్ళ రంధ్రాల వరసలు అరిగిపోకుండా టేపు వేసుకో. రంగుకు ముందు వేసే అడుగుపూత, ప్రైమర్ కొడితే తప్పులన్నీ బయటపడతాయి, మళ్ళీ రుద్దు. నేను మూడుసార్లైనా రుద్దుతాను.

రంగు పని పొద్దున ఆరూ ఏడూ మధ్యే పెట్టుకో, కిటికీలు తెరిచి, మాస్కు కట్టుకుని. మీ అనంతపురం ఎండకు మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు గాలిలోనే ఆరి గరుకుగా పడుతుంది. ఆషాఢం గాలులొస్తే దుమ్ము సరేసరి. త్వరగా ఆరుతుందని మిద్దె మీద ఎండలో పెట్టకు. బండ్ల రంగుల షాపులో దొరికే థిన్నర్ దగ్గరికి రానీయకు, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పైన పూర్తి నలుపు కాకుండా నలుపుకు దగ్గరగా ఉండే బూడిదరంగు వెయ్. ఇంత చిన్న వస్తువు మీద కారునలుపు వివరాలన్నీ మింగేస్తుంది. పడవ ఎంతవరకు నీళ్ళలో మునుగుతుందో చూపే వాటర్‌లైన్ గీత కోసం పడవను బండ మీద సమంగా నిలిపి, పెన్సిల్‌ను చెక్కదిమ్మకు కట్టి, ఆ దిమ్మను చుట్టూ జరుపు.

డెకాల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మలు, నానబెట్టడానికి బోరు నీళ్ళు వద్దు, ఉప్పు మరకలు పడతాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకో. మూడు ప్రొపెల్లర్లు, పెరిస్కోపులు, రెయిలింగులు అన్నిటికన్నా చివర.

ఒక అడుగు పొడవు బండముక్క పాలిష్ పట్టించి పెట్టాను. ఆదివారం మీ అత్త అనంతపురం వస్తోంది, ఆమెతో పంపిస్తా. అది చేరేదాకా ముక్కలు కడిగి పెట్టుకో, అతికించకు. అంచులు రుద్దాక ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి ఒక ఫోటో పంపు, చూసి చెప్తాను.

మీ మామ